కరువు పొర

మా అక్క రాళ్లు నాకుతుంది.

తిట్టడం లేదు, ఆమె ఉద్యోగమే అది. గుహల్లో పెరిగే రాళ్ల మీద పనిచేసేవాళ్లలో సగం మందిది ఇదే వరస. కోసిన రాయి పొడిగా ఉంటే లోపలి పొరలు కనబడవు. కాస్త తడి తగిలితే గీతలన్నీ పైకి తేలతాయి. తడి కోసం నీళ్ల సీసా ఉంది, స్పాంజి ఉంది. రెండూ నేనే కొని బల్ల మీద పెట్టాను. ఆమెకి నాలుకే కావాలి.

"నాలుకని మించిన స్పాంజి లేదే సబ్బుబిళ్లా," అంటుంది.

సబ్బుబిళ్ల నేనే. రోజుకి పదిసార్లు చేతులు కడుక్కుంటానని పెట్టిన పేరు. పెట్టుకోనీ. నాకు రోత ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టుకుంటే దాన్ని రెండుసార్లు తోముతాను. ఇంతా చేసి నా పని ఆ రాళ్లని కోసి, నునుపు చేసి, పొర పొరకీ కాస్త పొడి తీసి సీసాల్లో పెట్టడం. అంటే ఆమె నాకిన రాయిని తుడిచేది నేనే. ఎవరి ఖర్మకి ఎవరు కర్తలు.

మా ల్యాబు ఒక పాత భవనం నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు, మూడు ట్యూబులైట్లు, ఒక కోత యంత్రం, గోడ నిండా రాళ్ల డబ్బాలు. పని చెప్పుకోవడానికి తేలికే. వాన పడితే నీళ్లు నేలలోకి ఇంకి గుహ కప్పు నుంచి చుక్క చుక్కగా పడతాయి. ప్రతి చుక్కా కింద కాస్త సున్నం వదిలిపోతుంది. అలా వేల ఏళ్లు పడితే నేల మీంచి ఒక రాతి దుంగ లేస్తుంది. మేము దాన్ని మొలక అంటాం. దాన్ని నిలువునా కోస్తే ఏ కాలంలో వానలు పడ్డాయో, ఏ కాలంలో కరువొచ్చిందో చదవచ్చు. మందం పొర మంచి కాలం. వెంట్రుకంత పొర కరువు.

చదివేది అక్క. ఆ విద్యలో ఆమెకి సాటి లేదు, నాకు అక్క అని చెప్పడం కాదు. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటికి అక్కకి పదహారు. నా ముక్కు చీదింది ఆమె, నా వాంతులు ఎత్తింది ఆమె, ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. ఇద్దరం పెళ్లి మాట ఎత్తకుండా మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండిపోయాం. లోకంలో నాకున్నది ఆమె ఒక్కతే. ఇదంతా ఎందుకు చెబుతున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

పోయినేడు ఒక గుహలోంచి మోకాలెత్తు మొలక కోసి తెచ్చాం. ఈ ఏడు దాన్ని నిలువునా చీల్చాను. అన్ని పొరలూ పద్ధతిగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. మధ్యలో ముదురు గోధుమరంగు పొర, నాలుగు వేళ్ల మందం. వయసు చూస్తే నాలుగు వేల ఏళ్ల కిందటిది.

అక్క దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఇక్కడ అరవై ఏళ్ల కరువుండాలే. చెరువుల అడుగు మట్టి చదివేవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. వాన లేనప్పుడు చుక్క ఎక్కడిది? చుక్క లేకుండా రాయెలా పెరిగింది?"

"వాళ్లు తప్పు చదివారేమో."

"లేకపోతే మనం." అంటూనే వంగి ఆ పొర మీద నాలుక పెట్టింది. రోజూ చూసేదే అయినా నేను మొహం తిప్పుకున్నాను. మళ్లీ చూసేసరికి ఇంకా నాలుక తియ్యలేదు. కళ్లు మూసుకుంది.

"ఉప్పగా ఉంది," అంది కాసేపాగి. మళ్లీ నాకి, "కాదు... తియ్యగా ఉంది," అంది.

గుహ రాయికి రుచి ఉండదు. సున్నం గోడని నాకితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ఆ మాట అక్కే చెప్పేది, వచ్చిన విద్యార్థులందరికీ.

మర్నాడు పొడి తియ్యడానికి ఆ పొర మీద డ్రిల్లు పెట్టాను. పళ్ల డాక్టరు వాడేలాంటి సన్నటి డ్రిల్లు. రాయి వేడెక్కగానే వాసన లేచింది. కాలిన సున్నం వాసన నాకు అలవాటే, ఇది వేరు. పొద్దున్నే పళ్లు తోముకోని మనిషి మొహంలో మొహం పెట్టి ఆవలిస్తే ఎలా ఉంటుందో, అది. వెచ్చగా, పుల్లగా, పాచి కంపు. మాస్కు దాటి నా గొంతులోకి దిగింది. డ్రిల్లు ఆపేసి పరుగెత్తి తొట్టిలో కక్కుకున్నాను. తిరిగొచ్చి చూస్తే ఆ పొడి సీసా అడుగున పొడిగా లేదు. తడిసి ముద్దయి ఉంది.

పొడితో పాటు ఒక ముక్కని పక్క ఊళ్లోని బాబాయికి పంపాం. ఆయన రాయిని నలిపి, లోపల చిక్కుకుపోయిన పాత నీళ్లని యంత్రంలో కొలుస్తాడు. మా నాన్న తమ్ముడేం కాదు, ఈ పనిలో అందరికీ ఆయన బాబాయే. నాలుగు రోజులకి ఫోను చేశాడు. మామూలుగా కోపం రాని మనిషి.

"ఏం పంపారమ్మా మీరు? నా గొట్టాలన్నీ జిగురు పట్టి కూర్చున్నాయి. లాగితే తీగలు సాగుతున్నాయి. రాయి పంపమంటే నత్తని పంపారా?"

"మరి కొలత వచ్చిందా బాబాయ్?"

"వచ్చింది. అది వాన నీళ్లు కాదు. మీ అక్కకి చెప్పు, అది ఒంట్లోంచి వచ్చిన నీళ్లు."

అక్క ఆ మాట విని నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. మూతి తుడుచుకుంది. నాకు అనుమానం వచ్చి, ఆమె వెళ్లాక తన బల్ల సొరుగు తెరిచాను. మొలకలో మిగిలిన సగం చెక్క అందులో ఉంది. గోధుమరంగు పొర మధ్యలో బొటనవేలు పట్టేంత గుంట. నున్నగా, మెరుస్తూ. ఉప్పుగడ్డని ఆవు నాకి నాకి అరగదీసినట్టు.

అడిగాను. తేలు కుట్టిన దొంగలా సొరుగు మూసేసింది.

"గుహకి వెళ్దాం పద," అంది. "అక్కడ పెట్టిన డబ్బా తెచ్చుకుంటే అంతా తెలుస్తుంది."

మొలక కోసిన రోజు ఆ మోడు మీద రెండు వస్తువులు పెట్టి వచ్చాం. ఒకటి గాజు పలక. ఇప్పుడు పడే చుక్కలతో కొత్త రాయి ఎలా కడుతుందో చూడటానికి. రెండోది చుక్కలు లెక్కపెట్టే డబ్బా. ఒక్కో చుక్క పడగానే ఏ రోజు, ఏ సమయానికో రాసుకుంటుంది. నాలుగు నెలల తర్వాత ఒకసారి వెళ్లి బ్యాటరీలు మార్చాం. అంతే.

పొద్దున తొమ్మిదిన్నరకి గుహ దగ్గర దిగాం. మంచి ఎండ. జీపు డ్రైవరు చెట్టు కింద దుప్పటి పరుచుకున్నాడు. గుహలోకి దారి నడుం వంచి నడిచేంత. మొదటి రెండు గదులు నాకు ఇష్టమే. చల్లగా ఉంటాయి, కప్పంతా చుక్కలు, తట్టినట్టు టిక్కు టిక్కుమని అన్ని వైపుల నుంచీ శబ్దం. ఆ నీళ్లు అద్దంలా ఉంటాయి, నాలాంటిది కూడా దోసిలి పట్టి తాగొచ్చు. మూడో గదిలోకి పాకుతూ వెళ్లాలి. అక్కడ ఆ టిక్కు టిక్కు లేదు. పాకిన మేర కప్పు పొడి, నేల పొడి, చేత్తో తాకితే దుమ్ము. గాలి మాత్రం వెచ్చగా ఉంది.

ముందుగా తెలిసింది వాసన. డ్రిల్లు కింద లేచిన పాచి కంపే. ఇక్కడ గది నిండా, దళసరిగా.

మోడు మీద గాజు పలక చూశాను. తెల్లటి పలుకులు ఉండాల్సిన చోట పసుపుపచ్చటి పెచ్చు కట్టి ఉంది. పైన తొడుగులా పొర. చేతి తొడుగు వేసుకున్న వేలితో ముట్టుకున్నాను, మెత్తగా లోపలికి దిగింది. వేలు తీస్తే తీగ సాగింది, తెగలేదు. ఆ తొడుగు అక్కడే పీకి పారేశాను.

"కంగారు పడకు. డబ్బా తగిలించు," అంది అక్క.

ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని తీగ తగిలించాను. ఏడాది లెక్క తెర మీద పరుచుకుంది. సున్నా. సున్నా. వానాకాలం నాలుగు నెలలూ సున్నా. పక్క గదులు కారిపోతుంటే ఇక్కడ ఒక్క చుక్క పడలేదు.

మూడు చోట్ల మాత్రం గీత నిట్టనిలువుగా లేచింది. మొదటిది డబ్బా పెట్టిన రోజు. ఆ రోజు ఇక్కడే మూడు గంటలు ఉన్నాం. రెండోది బ్యాటరీలు మార్చిన రోజు.

మూడోది ఇవాళ. తొమ్మిది నలభైకి మొదలైంది. మేము గుహ వాకిట్లో వంగిన నిమిషం.

"అక్కా..."

"చూశాను."

తెర మీద చుక్కల అంకె మారింది. నలభై ఒకటి. నలభై రెండు. మోడు మీద ఏదో మెత్తగా పడుతున్న శబ్దం అప్పుడు చెవికి పట్టింది. నీటి చుక్క శబ్దం కాదు. బరువుగా... ఆలస్యంగా... చప్.

అక్క గుసగుసగా మాట్లాడింది. ఆ గొంతులో భయం లేదు. లెక్క తేలినప్పుడు వచ్చే సంతోషం ఉంది. "ఇది వానల లెక్క కాదే. జనం లెక్క. కరువులో నీళ్లు వెతుక్కుంటూ వచ్చారు. బయట అంతా ఎండిపోయింది, ఇక్కడొక్కటే చోట చుక్క పడుతోంది... ఇక్కడికే వచ్చారు. ఎంతమంది వస్తే అంత పడింది. నాలుగు వేళ్ల మందం... ఎన్ని వేల మంది అయి ఉంటారు..."

"తాగారంటావా?"

"దాహంతో ఉన్నవాళ్లు వాసన చూస్తారా?"

అడగకూడదనుకుంటూనే అడిగాను. "మరి తర్వాత? ఆ పొర అయిపోయాక మళ్లీ వెంట్రుకంతే కదా పొర."

"రావడానికి ఎవరూ మిగల్లేదు," అంది.

అని తలెత్తింది. తల లైటు కప్పు మీద పడింది. రాయే. రాయే అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. కానీ గట్లు గట్లుగా ఉంది, నడుమ నిలువునా ఒక గీత, ఆ గీతకి రెండు వైపులా గట్లు సమానంగా. నాలుకతో మీ అంగిలి తడుముకోండి. అది. నిగనిగలాడుతూ... తడిగా... గీత చివర లావుపాటి చుక్క వేలాడుతోంది. పడలేదు. సాగుతోంది.

అక్క దాని కిందకి జరిగింది. నోరు తెరిచింది.

నేను ల్యాప్‌టాప్ పారేసి చెయ్యి పట్టుకుని లాగాను. అప్పటికే మొదటిది పడింది. ఆమె గడ్డం మీంచి జారి నా మణికట్టు మీదకి వచ్చింది. వెచ్చగా ఉంది. ఒంటి వేడి.

చెయ్యి వదిలేశాను.

దాచను. వదిలేశాను. నా చెయ్యి గోడకేసి తుడుచుకున్నాను, గోక్కున్నాను, మళ్లీ తుడుచుకున్నాను. నా వెనక శబ్దం వినబడుతూనే ఉంది. చప్... చప్... మధ్యలో ఆమె మింగుతున్న చప్పుడు. ఆరు గుటకల వరకూ విన్నాను. అప్పుడు బుద్ధి వచ్చి, ఆమె నడుం బెల్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాను. రాళ్లకి మోచేతులు చీరుకుపోయాయి. వెనక్కి చూడలేదు. రెండు గదులు దాటేదాకా ఆ చుక్కలు వేగంగా పడుతూనే ఉన్నాయి, వాన పెద్దదైనట్టు.

బయట ఎండలో కూర్చుని అక్క మూతి తుడుచుకుంది. "ఏమైందే అంత హడావుడి?" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు సాయంత్రం నేను ల్యాబు నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతున్నాను. అక్క సోఫాలో పేపరు చదువుతోంది. తలెత్తి నన్ను చూసింది, పలకరించబోయింది. పెదవి చివర నుంచి ఒక తీగ జారి పేపరు మీద పడింది.

"అయ్యో," అని చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి కారింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లు కాదు. తువ్వాళ్లు, బకెట్లు. నేలంతా జిగట. తువ్వాలు ఆరితే అట్టలా బిగుసుకుని, విరిస్తే తెల్లటి పెచ్చులు రాలేవి. వాష్ బేసిన్ గొట్టం రాయి కట్టి మూసుకుపోయింది. ఆ కంపుకి నేను తిన్నది తిన్నట్టే కక్కేదాన్ని. నా వాంతులు ఎత్తిన మనిషి తువ్వాలు ఉతకడానికి నేను రెండు జతల తొడుగులు వేసుకునేదాన్ని. ఆమె చూస్తుండేది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నన్ను బయట కూర్చోబెట్టి ఆమెని లోపలికి పిలిచాడు. పావుగంట తర్వాత చీటీతో వచ్చి నన్నే కసిరాడు. "నోరు ఎండిపోయి ఉందమ్మా ఆవిడకి. నీళ్లు తాగించడం లేదా మీరు?"

ఇంటికొచ్చే దారిలో ఆటోలో నేను పక్కన కూర్చోగానే మొదలైంది. అప్పుడు అక్కకి అర్థమైంది. నాకంటే ముందు ఆమెకే అర్థమైంది, లెక్కలు చదివే మనిషి కదా. ఆ రాత్రి నుంచి తన గదిలో లోపల గడియ పెట్టుకుని పడుకుంది.

నాలుగు రోజుల తర్వాత తలుపు సందులోంచి నెమ్మదిగా చెప్పింది. "సబ్బుబిళ్లా, మొన్న నువ్వు గుమ్మంలోకి వస్తే మొదలైంది. నిన్న మెట్లెక్కుతుండగానే. ఇవాళ నువ్వు వీధి మలుపు తిరిగావు చూడు, అప్పుడే."

"నేనంటేనే ఎందుకక్కా?"

తలుపు అవతల మింగుతోంది. "డాక్టరు నాకేమవుతాడే," అంది. "నువ్వు కొన్నాళ్లు దూరంగా ఉండు. నాకు తగ్గాలంటే అదొక్కటే దారి."

తగ్గాలి. నాకు అంతకంటే కావలసిందేముంది? బట్టలు సర్దుకుని పక్క ఊరు, బాబాయి ఇంటికి పోయాను. వెళ్లేముందు తలుపు మీద చెయ్యి పెట్టాను. అవతల వైపు నుంచి ఆమె కూడా పెట్టిందనుకుంటాను.

వారం తర్వాత ఫోను చేసింది. గొంతు ఎంత హాయిగా ఉందో. "పూర్తిగా తగ్గిపోయింది. వచ్చెయ్ చెల్లీ," అంది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. బాబాయి భార్య పిన్ని నా సంతోషం చూసి కళ్లు తుడుచుకుంది.

ఫోను పెట్టిన నిమిషానికి అదే నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. "రాకు."

తిరిగి ఫోను చేశాను. "అదేంటక్కా, మాటకి ఒకటి, రాతకి ఒకటీనా?"

"రాతలు వదిలేయ్. మాట విను," అంది ముద్దుగా. "రోజూ నీ కోసం ఎదురుచూస్తున్నాను."

ఇలా పది రోజులు సాగింది. ఫోనులో రమ్మంటుంది. మెసేజ్‌లో రావద్దంటుంది. నా మీద బెంగ ఒకవైపు, నాకేమవుతుందోనన్న భయం ఒకవైపు, పాపం మనసు అటూ ఇటూ ఊగుతోందనుకున్నాను. చివరి మెసేజ్‌లో అక్షరాలు కూడా కుదురుగా లేవు. "ఎవరు పిలిచినా రాకు." దాన్ని చూశాక ఇక ఆగలేకపోయాను. ఒక్కతీ ఉండి పిచ్చెక్కుతోందని మొదటి బస్సెక్కాను.

మధ్యాహ్నం పన్నెండింటికి మా వీధిలో దిగాను. పళ్ల బండి దగ్గర ఇద్దరు బేరం చేస్తున్నారు. పైకి చూస్తే మూడో అంతస్తు బాల్కనీలో అక్క నిలబడి ఉంది. చిక్కిపోయింది. జుట్టు దువ్వుకోలేదు. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తి ఊపింది.

పలకరిస్తోందనుకుని నేనూ ఊపాను. రెండడుగులు వేశాక తెలిసింది. ఆ చేతులు పిలవడం లేదు. వెళ్లు, వెళ్లు అని తోస్తున్నాయి. గాలిని బలంగా, ఏడుస్తూ తోస్తున్నాయి. కళ్లు కూడా అదే బతిమాలుతున్నాయి.

నోరు మాత్రం నవ్వుతోంది. "రా చెల్లీ," అంటోంది. "రా. ఎండలో నిలబడ్డావేం."

పద్దెనిమిదేళ్లు కలిసి పనిచేశాం, నలభై ఏళ్లు కలిసి బతికాం. అక్క నన్ను ఒక్కనాడూ చెల్లీ అని పిలవలేదు.

ఆమె రెండు అరచేతులూ నోటికేసి అదిమి పెట్టింది. మోచేతుల దాకా కారుతోంది. వేళ్లు తెల్లబడేలా, ఒక దాని మీద ఒకటి వేసి నొక్కేసింది. కళ్లు మూసుకుంది, తల అటూ ఇటూ ఊపుతూనే ఉంది.

"రా," అని వినబడుతూనే ఉంది. మూసిన చేతుల వెనక నుంచి గొంతు నొక్కుకుపోయినట్టు కూడా లేదు. నా పక్కన నిలబడి మాట్లాడినంత దగ్గరగా, స్పష్టంగా ఉంది.

పళ్ల బండి దగ్గర బేరం ఆగిపోయింది. ఆ ఇద్దరూ తలలెత్తి మా బాల్కనీ వైపు నడవడం మొదలుపెట్టారు.